ఆగ్రా మునాజరా (1854)

ఆగ్రా మునాజరా అనునది 1854 ఏప్రిల్ 10, 11 తేదీలలో ఆగ్రా నగరంలో క్రైస్తవ మిషనరీలకు, ముస్లిం పండితులకు మధ్య జరిగిన బహిరంగ మతచర్చ. మునాజరా అను అరబ్బీ మాటకు పండితుల వాదము అని అర్థం. క్రైస్తవ పక్షమున కార్ల్ గోట్లీబ్ ఫాండర్, ఆయనకు తోడుగా థామస్ వాల్పీ ఫ్రెంచ్ కూర్చున్నారు. ముస్లిం పక్షమున మౌలానా రహ్మతుల్లా కైరాన్వీ, డాక్టర్ వజీర్ ఖాన్ వాదించినారు. ఉత్తర హిందూస్థానంలో ముస్లిముల మధ్య జరిగిన క్రైస్తవ ప్రచార చరిత్రలో ఇది ముఖ్య ఘట్టం.

నేపథ్యం

ఆగ్రాలో ఈ ప్రచారమును మొదట నడిపినవాడు ఐరోపావాసి కాదు. ఢిల్లీకి చెందిన షేక్ సాలిహ్ కాన్పూరులో హెన్రీ మార్టిన్ బోధలు విని, 1811లో కలకత్తాలో బాప్తిస్మం పొంది, అబ్దుల్ మసీహ్ అను పేరు ధరించినాడు. 1813 నుండి ఆగ్రాలో బోధించుచు, రోగులకు యునానీ వైద్యం చేయుచు ఉండెడివాడు. 1827లో మరణించినాడు.

ఫాండర్ 1803లో జర్మనీలోని వైబ్లింగెన్‌లో జన్మించినాడు. బాసెల్ మిషన్ తరఫున కాకసస్ ప్రాంతంలోని షూషాలో పనిచేయుచు, ఇస్లాంను విమర్శించు "మీజానుల్ హక్" (సత్యపు త్రాసు) గ్రంథమును రచించినాడు. 1835లో రష్యా ప్రభుత్వం ఆ మిషన్‌ను మూయించగా భారతదేశమునకు వచ్చి, 1841లో ఆగ్రా చేరినాడు. 1843లో వెలువడిన ఉర్దూ ప్రతిని ఆయన ఊరిలోని మౌల్వీలకు స్వయముగా పంపెడివాడు. పాలకుల మతమునకు చెందినవాడు ఇట్లు చేయుట పండితులకు సవాలుగా తోచుటలో వింత లేదు.

చర్చ

నస్ఖ్ (పూర్వ గ్రంథములు రద్దగుట), తహ్రీఫ్ (గ్రంథపాఠము చెడుట), త్రిత్వము, ముహమ్మద్ ప్రవక్తత్వము, ఖురాన్ దైవవాక్కగుట అను ఐదు విషయములు చర్చకు నిర్ణయింపబడినవి. రెండు దినములలో వాదం రెండవ విషయమును దాటలేదు.

ఫాండర్ గ్రంథములోని వాదములకు జవాబులు వచ్చునని ఎదురుచూచి యుండెను. కాని వజీర్ ఖాన్ ఐరోపా పండితులే వ్రాసిన బైబిలు విమర్శ గ్రంథములను సంపాదించి చదివియుండెను. సువార్తల వ్రాతప్రతులలో పాఠభేదములు గలవని క్రైస్తవ పండితులే అంగీకరించిన చోట్లను ముందుంచి ప్రశ్నించినాడు. కొన్ని చోట్ల లేఖకుల పొరపాట్లు చేరినవని ఫాండర్ ఒప్పుకొనెను. అందువలన మూలసిద్ధాంతమునకు హాని లేదని వాదించెను. తహ్రీఫ్ రుజువగుటకు ఆ ఒప్పుకోలే చాలునని ప్రతిపక్షము ప్రకటించినది. నాటి అరబ్బీ, పారశీక పాండిత్యంతో మాత్రమే ముస్లిములు వాదించెదరని తలచుటయే ఫాండర్ పొరపాటు. ఉభయ పక్షములు తమదే గెలుపని వేర్వేరు కథనములు అచ్చువేసికొన్నవి.

మతం మారినవారు

ఈ చర్చ ఫలితం వెంటనే తేలినది కాదు. ఆ రోజులలో పండిత పక్షమున నిలిచి, ఆగ్రా జామా మసీదులో ఫాండర్‌కు వ్యతిరేకముగా ఉపన్యసించిన పానిపట్టు వాసి ఇమాదుద్దీన్, తరువాత సూఫీ సాధనలలో తృప్తి లేక దేశమంతట తిరిగినాడు. జబల్పూరులో పాఠశాలల తనిఖీ అధికారిగానున్న మిత్రుడు సఫ్దర్ అలీ 1864లో క్రైస్తవుడైనాడని విని, అతని పొరపాటును చూపవలెనని సువార్తలు చదువ మొదలిడినాడు. చివరకు తానే 1866లో అమృతసర్‌లో బాప్తిస్మం పొందినాడు. 1872లో గురువుగా అభిషిక్తుడై, ఉర్దూలో అనేక గ్రంథములు రచించి 1900లో మరణించినాడు.

మతం మారినవారు వారసత్వపు ఆస్తి కోల్పోరాదని 1850 నాటి చట్టం చెప్పుచున్నను, బంధువుల వెలివేత వారికి తప్పెడిది కాదు. మిత్రుల యిండ్లలో భోజనము, బిడ్డల వివాహములు చట్టమునకు అందని విషయములు గదా.

తరువాతి చరిత్ర

1857 తిరుగుబాటులో పాల్గొన్న రహ్మతుల్లా, వజీర్ ఖాన్ ఇరువురు మక్కాకు వెడలిపోయినారు. ఫాండర్ 1858లో కాన్‌స్టాంటినోపుల్ చేరి, 1865లో ఇంగ్లాండులో మరణించినాడు. అదే నగరమునకు సుల్తాను రహ్మతుల్లాను పిలిపించగా, అక్కడ 1864లో ఆయన అరబ్బీలో వ్రాసిన "ఇజ్‌హారుల్ హక్" ముస్లిం దేశములలో నేటికిని చదువబడుచున్నది. మక్కాలో సౌలతియా మదరసాను స్థాపించినది ఆయనయే. ఫ్రెంచ్ 1877లో లాహోరు మొదటి బిషప్పై, వృద్ధాప్యమున ఆ పదవి వదలి అరబ్బులకు బోధించుటకు మస్కట్ వెళ్ళి, 1891లో అక్కడనే కన్నుమూసినాడు.

హెన్రీ మార్టిన్ పేరిట 1930లో లాహోరులో ఇస్లాం అధ్యయనమునకై నెలకొల్పిన సంస్థ 1971లో హైదరాబాదుకు మారినది. మిషనరీలకు శిక్షణ నిచ్చుటకు పుట్టిన ఆ సంస్థ క్రమముగా మతముల మధ్య సంభాషణ, సఖ్యత అను పనివైపు మళ్ళినది.