నీళ్ళు మరిగిన బండి

చరిత్ర ప్రసంగం అనగానే ఏ కాకతీయుల గురించో, కృష్ణదేవరాయల గురించో చెప్తానని రేడియో పెట్టి ఉంటారు. ఇవాళ చెప్పబోయేది ఒక కారు ఇంజను చరిత్ర. అమెరికా వచ్చి ఇన్నేళ్ళైనా ఈ దేశం వాళ్ళకి పాత కార్లంటే ఎందుకంత పిచ్చో నాకు అర్థమయ్యేది కాదు. 2006 వేసవిలో మా నాన్నగారి పుణ్యమా అని కొంత అర్థమైంది. అందుకని ఈ కథలో నాన్నగారు కూడా వస్తారు. మన్నించాలి.

ముందు హాట్ రాడ్ అంటే ఏమిటో చెప్పాలి. పాత కారు ఒకటి తక్కువ ధరకు కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులూ బంపర్లూ ఊడబెరికి, ఇంజనుకి బలం పెంచి, వేగంగా తోలేది హాట్ రాడ్. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు 1930లలో మొదలుపెట్టిన సరదా ఇది. లాస్ ఏంజలస్‌కి ఉత్తరాన ఎడారిలో ఎండిపోయిన సరస్సులున్నాయి. బల్లపరుపుగా, గట్టిగా, మైళ్ళ కొద్దీ అడ్డం లేకుండా ఉంటాయి. శని ఆదివారాల్లో అక్కడికి పోయి పందాలు వేసుకునేవారు. 1937లో ఈ సంఘాలన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అని పెట్టుకున్నాయి. అది ఇప్పటికీ ఉంది.

వాళ్ళందరికీ ప్రాణమైన ఇంజను ఫోర్డు వారి వీ-ఎయిట్. దీని పుట్టుక చిత్రమైనది. 1929లో షెవ్రొలే వారు నాలుగు సిలిండర్ల కారు ధరకే ఆరు సిలిండర్ల కారు ఇస్తామని వచ్చారు. హెన్రీ ఫోర్డు ఆరు కాదు, ఎనిమిది ఇస్తానన్నాడు. ఎనిమిది సిలిండర్ల కార్లు అంతకు ముందు లేక కాదు. 1914లోనే క్యాడిలాక్ వారు చేశారు. ఐతే అది డబ్బున్నవాళ్ళ కారు. ఫోర్డు పట్టుదల ఏమిటంటే, రెండు వరసల సిలిండర్లనూ ఒకే ముద్దగా, ఒకే పోతలో, లక్షల సంఖ్యలో చవగ్గా పోత పోయాలని. కొద్దిమంది ఇంజనీర్లను రహస్యంగా ఒకచోట కూర్చోబెట్టి పని చేయించాడు. 1932 మార్చి 31న కారు జనం ముందుకి వచ్చింది. 221 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 3.6 లీటర్లు; 65 గుర్రాల బలం. రోడ్‌స్టర్ ధర 460 డాలర్లు. దేశమంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉన్న రోజులవి.

మరి ఆ చవక ఎక్కడ తేలింది? వేడిలో తేలింది.

ఆ ఇంజనులో వాల్వులు పైన ఉండవు, పక్కన బ్లాకులోనే ఉంటాయి. పైమూత బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి దానికి ఫ్లాట్‌హెడ్ అని పేరు. వాల్వులన్నీ రెండు వరసల మధ్య లోయలో ఉన్నాయి. ఆ లోయ పైన కార్బురేటరు కూర్చుంది. మరి మండిన పొగ బయటికెలా పోవాలి? బ్లాకు గుండా, సిలిండర్ల మధ్య నుంచి, చల్లటి నీళ్ళు తిరిగే గదుల్లోంచి దారి చేసుకుని రెండు పక్కలకీ పోవాలి. పైగా ఒక్కో వైపు నాలుగు సిలిండర్లుంటే పొగదారులు మూడే. మధ్య రెండు సిలిండర్లూ ఒకే దారిలో పంచుకుంటాయి. అంటే బయటికి పోవలసిన వేడి, పోతూ పోతూ నీళ్ళని కాచి మరీ పోతుంది. వంటింట్లో కాగుతున్న పెనాన్ని మంచినీళ్ళ కుండకి ఆనించి పెట్టినట్టు.

దానికి తోడు, 1932 నుంచి 1936 దాకా నీళ్ళ పంపులు పైన హెడ్డుల దగ్గర ఉండి వేడినీటిని లాగేవి. మరిగే నీటిలో ఆవిరి బుడగలుంటాయి. వాటిని పంపు సరిగ్గా లాగలేదు. 1937లో పంపుల్ని కిందికి, బ్లాకు దగ్గరికి మార్చి, చల్లబడిన నీటిని లోపలికి తోసే ఏర్పాటు చేశారు. అది మేలైన పని. ఐనా పొగదారి మాత్రం బ్లాకు లోపలే ఉండిపోయింది. అమెరికాలో 1953తో ఈ ఇంజను ఫోర్డు కార్లలోంచి తప్పుకుంది. 1954లో వాల్వులు పైకెక్కిన కొత్త వీ-ఎయిట్ వచ్చింది.

ఇక మా వీధికి వద్దాం. మా పొరుగాయనకి అప్పటికి డెబ్భై దాటాయి. చిన్నతనంలో స్వయంగా కట్టుకున్న 1932 రోడ్‌స్టర్ ఉంది ఆయనకి. ఇంజను తర్వాతి కాలంది, 1940ల నాటి ఫ్లాట్‌హెడ్. యాభై ఏళ్ళ కిందట ఎల్ మిరాజ్ ఎండు సరస్సులో పరిగెత్తించాడట. మళ్ళీ ఒక్కసారి ఆ బండిని తోలుకుంటూ అక్కడికి పోవాలని ఆయన కోరిక. బండేమో నాలుగు వీధులు తిరిగేసరికి ఆవిరి కక్కేది. కొత్త రేడియేటర్ వేయించాడు, పంపులు మార్పించాడు. డబ్బు పోయింది గానీ ఆవిరి పోలేదు. ఆ ఏడాది చివర్లో అమ్మేస్తానన్నాడు.

మా నాన్నగారు ఆర్నెల్లకని వచ్చి మూడు నెలలు గడిపారు. మీ ఇళ్ళలోనూ చూసే ఉంటారు. మేం ఆఫీసుకు పోతాం, పిల్లలు బడికి పోతారు, ఆయన కిటికీ దగ్గర కూర్చుంటారు. ఇంగ్లీషు రాదు, కారు నడపడానికి లేదు. ఒక శనివారం మధ్యాహ్నం పొరుగాయన బండి వాళ్ళ వాకిట్లో బుస్సుమంటూ ఆగింది. ఆయన గుడ్డపేలిక తీసుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. మా నాన్నగారు లేచి పరుగెత్తారు! నేను ఆయన పరుగెత్తగా చూడటం అదే మొదలు. పోయి ఆ పెద్దాయన మణికట్టు పట్టుకున్నారు. "ఆగండి, ఆగండి" అంటున్నారు తెలుగులోనే. తర్వాత తన చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా ఉన్న పాత మచ్చ చూపించారు. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

ఆ మచ్చ సంగతి తర్వాత చెప్తాను. మూత ఎందుకు తియ్యకూడదో ముందు చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. మూత ఒత్తిడి పట్టి ఉంచుతుంది. ఏడు పౌన్ల మూత ఉంటే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాక దాదాపు 112 దగ్గర మరుగుతాయి. లోపల 108 డిగ్రీల్లో కుదురుగా ఉన్న నీళ్ళు, మూత తీసి ఒత్తిడి వదలగానే ఒక్కసారిగా ఆవిరై మీదికి ఎగజిమ్ముతాయి. బండి పూర్తిగా చల్లారేదాకా ఆగడమే మార్గం.

గంట తర్వాత నాన్నగారు నన్ను పిలిచారు. "ఒరే, ఆయన్ని అడుగు. బండి పరిగెడుతుంటే కాగుతోందా, నిలబడి ఉంటే కాగుతోందా?" అడిగాను. హైవే మీద బాగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే కాగుతుంది అన్నాడాయన. "ఐతే ముందు గాలి చూడాలి, తర్వాత నీళ్ళు" అన్నారు నాన్నగారు.

నేను ఇంజనీరింగ్ చదివాను. ఈ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు. పరిగెత్తేటప్పుడు గాలి తనంతట తనే రేడియేటర్ గుండా పోతుంది. ఆగినప్పుడు ఫ్యాను లాగితేనే పోతుంది. ఆగినప్పుడే కాగుతుందంటే తప్పు ఫ్యాను వైపు ఉందన్నమాట. పరిగెత్తేటప్పుడు కాగితే నీళ్ళు చాలినంత తిరగడం లేదనో, రేడియేటర్ చాలడం లేదనో అనుకోవాలి.

నాన్నగారు ఇంజను నడుస్తుండగా ఒక న్యూస్‌పేపర్ కాగితం తీసుకుని రేడియేటర్ ముందు పెట్టారు. కింది భాగంలో కాగితం అతుక్కుంది. పై భాగంలో పెడితే జారి పడిపోయింది. అప్పుడు చూస్తే, 1940ల ఇంజనుకి ఫ్యాను కింద, క్రాంక్ షాఫ్టు ఎత్తులో ఉంది. 1932 కారు రేడియేటరేమో నిలువుగా, ఎత్తుగా ఉంది. పై సగానికి గాలే లేదు. ఎన్ని పంపులు మార్చి ఏం లాభం?

మరి కుర్రతనంలో ఇదే బండి ఎలా పరిగెత్తింది? ఇక్కడే చరిత్ర ఉంది. ఎండు సరస్సుల మీద పందెం అంటే నిమిషాల పని, అదీ ఆగకుండా. పొరుగాయనా ఫ్యాను తీసేసి తోలేవాడట. ఫ్యాను తిప్పడానికి పోయే బలం కూడా దండగే అని. తర్వాత క్వార్టర్ మైలు పందాలు వచ్చాక కొందరు రేడియేటరే తీసేశారు. ఇంకొందరు బ్లాకు గట్టిబడుతుందని నీటి గదుల్లో కొంత మేర సిమెంటు పోశారు. కొన్ని సెకండ్ల పరుగుకు నీళ్ళెందుకు? 1946లో బిల్ బర్క్ అనే ఆయన యుద్ధవిమానాల పెట్రోలు తొట్టిని కొని, చక్రాలూ ఇంజనూ బిగించి పరిగెత్తించాడు. 1948 జనవరిలో హాట్ రాడ్ పత్రిక వచ్చింది, 1949లో బాన్‌విల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ మొదలైంది. అంతా వేగం కోసం కట్టిన బళ్ళు. అవే బళ్ళు యాభై ఏళ్ళ తర్వాత ముసలివాళ్ళ చేతుల్లో సిగ్నళ్ళ దగ్గరా, ఊరేగింపుల్లోనూ నిలబడవలసి వచ్చింది. నిలబడటం వాటికి నేర్పలేదెవరూ.

నాన్నగారు అక్కడితో ఆగలేదు. బ్లాకు అడుగున చెరో వైపు నీళ్ళు వదిలే చిన్న కుళాయిలుంటాయి. విప్పితే చుక్క రాలేదు. తీగ పెట్టి పొడిస్తే ఎర్రటి బురద వచ్చింది, మా ఊరి ఏట్లో తొలకరి నీళ్ళలాగా. అరవై ఏళ్ళ తుప్పు. పోత పోసినప్పుడు లోపల మిగిలిపోయిన ఇసుక కూడా ఈ బ్లాకుల్లో దొరకడం మామూలేనట. రెండు రోజులు గొట్టంతో వెనక్కీ ముందుకీ కడిగారు.

థర్మోస్టాట్ల దగ్గర మాత్రం ఇద్దరు పెద్దవాళ్ళకీ వాదన వచ్చింది, మధ్య నేను దుబాసీని. నీళ్ళు మరీ వేగంగా తిరిగితే వేడి పట్టుకునే తీరిక ఉండదు కాబట్టి దారిలో వాషర్లు పెట్టి ఇరుకు చెయ్యాలని హాట్ రాడ్ వాళ్ళ నమ్మకం. వాషర్లు పెడితే మేలు జరగడం నిజమే, కారణం మాత్రం అది కాదు. వేగంగా తిరిగే నీళ్ళు ఎక్కువ వేడినే మోస్తాయి. ఈ ఇంజనుకు రెండు పంపులు. ఎక్కువ వేగంలో అవి రేడియేటర్ పైతొట్టిలోకి పట్టనన్ని నీళ్ళు తోస్తే పొంగు గొట్టంలోంచి బయటికి పోతాయి. అలా నీళ్ళు తగ్గి బండి కాగుతుంది. దారి ఇరుకైతే ఆ పొంగు ఆగుతుంది, బ్లాకులో ఒత్తిడి పెరిగి బుడగలు తగ్గుతాయి. చివరికి మంచి థర్మోస్టాట్లే రెండు పెట్టారు.

ఫ్యానుని పైకి ఎత్తి బిగించడానికి బ్రాకెట్టు దొరికింది. చుట్టూ తొడుగు నాన్నగారు రేకు కత్తిరించి చేశారు, ఫ్యాను గాలి పక్కలకి పోకుండా మొత్తం రేడియేటర్ గుండానే లాగేలా. ఈసారి కాగితం పై నుంచి కింది దాకా ఎక్కడ పెట్టినా అతుక్కుంది.

సెప్టెంబరులో ఎల్ మిరాజ్ వెళ్ళాం. పొరుగాయన తోలుతున్నాడు, పక్కన నాన్నగారు, వెనక నా కారులో నేను. దారిలో కహోన్ పాస్ ఎక్కాలి. సుమారు 4,000 అడుగుల ఎత్తు. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, ఇంజనుకేమో అక్కడే పని ఎక్కువ. నాన్నగారికది తెలుసు. అరకు ఘాట్ ఎక్కే బస్సులు అవి. తర్వాత చెప్పారు, దారంతా గేజి మీంచి కళ్ళు తిప్పలేదట. మైదానంలో 180 ఉన్న ముల్లు కొండ మీద 200 దాకా పోయి, అక్కడ నిలబడి, దిగేటప్పుడు మళ్ళీ తగ్గింది. ఎండు సరస్సులో దిగి, నెర్రెలు విచ్చిన ఒండ్రుమట్టి చూసి, "ఏ చెరువురా ఇది?" అన్నారు. పొరుగాయన బండి పక్కన నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఏడాది బండి అమ్మలేదు.

ఇక మచ్చ సంగతి. నాన్నగారు విజయనగరం జిల్లాలో ఆర్టీసీ డిపో మెకానిక్. ఘాట్ మీద ఆగిపోయిన బస్సు దగ్గర, తొందరలో డ్రైవరు మూత తిప్పబోతే అడ్డం పోయి చెయ్యి కాల్చుకున్నారు. నా చిన్నప్పుడు వేడినీళ్ళు పడ్డాయని మాత్రం చెప్పేవారు. నేను ఈ దేశంలో నా స్నేహితులతో, "మా నాన్నగారు రవాణా సంస్థలో పనిచేశారు" అనేవాణ్ణి. అబద్ధం కాదు, నిజమూ కాదు. నా పెళ్ళిలో ఆయన్ని పొడుగు చేతుల చొక్కా వేసుకోమని అడిగింది నేనే. వేసుకున్నారు, ఎందుకని అడగలేదు.

నాన్నగారు 2014లో పోయారు. పొరుగాయన బండి ఇప్పుడు ఆయన మనవరాలి దగ్గర ఉంది. ఆ రేకు తొడుగు ఇంకా దానికే ఉంది. సుత్తి దెబ్బల గుర్తులు కనబడతాయి. అక్కడికి చూడటానికి వచ్చినవాళ్ళు ఇదెవరు చేశారని అడిగితే, ఇండియాలో బస్సు మెకానిక్ ఒకాయన చేశాడని ఆ అమ్మాయి చెప్తుంది. నేను ఇన్నేళ్ళూ చెప్పని మాట అది. ఇవాళ రేడియోలో చెప్పాను.

మీ ఇంట్లో కిటికీ దగ్గర ఎవరైనా కూర్చుని ఉంటే, ఏం పని చేశారో ఒకసారి అడగండి. సెలవు.