పెరట్లో గాలిమర, పొరుగుతో తగువు

అమెరికాలో ఇంటి గాలిమర కొత్త వస్తువేమీ కాదు. 1930ల్లో కరెంటు తీగలు చేరని పల్లెల్లో జేకబ్స్, విన్‌చార్జర్ కంపెనీల మరలే రేడియోలకూ దీపాలకూ బ్యాటరీలు నింపేవి. చుట్టూ పొలాలే గనక వాటి చప్పుడు వినడానికి పక్కిల్లు దగ్గర్లో ఉండేది కాదు. 1973 చమురు సంక్షోభం తర్వాత, చిన్న ఉత్పత్తిదారుల కరెంటును విద్యుత్ కంపెనీలు కొని తీరాలని 1978లో ఫెడరల్ చట్టం వచ్చాక, గాలిమర ఊళ్లలో ఇళ్ల మధ్యకు చేరింది. అక్కడ జోనింగ్, అంటే ఏ ప్రాంతంలో ఏం కట్టవచ్చో చెప్పే నిబంధనలు, దానికి అడ్డుపడింది. నివాస ప్రాంతంలో ఏ కట్టడమైనా 35 అడుగులు దాటకూడదన్న నిబంధన చాలా ఊళ్లలో ఉంది. గాలి వేగం ఐదో వంతు పెరిగితే దానిలోని శక్తి 70 శాతానికి పైగా పెరుగుతుంది. చెట్లనూ ఇంటి కప్పులనూ దాటని మరకు ఆ వేగం అందదు. గాలిమర పేరైనా ఎత్తకుండా ఆ 35 అడుగులే దాన్ని నిషేధించాయి.

ఊరంతటికీ ఒకే నిషేధం అక్కర్లేదనడానికి నాకు బలమైన ఆధారం గాలిమర ఓడిపోయిన కేసే. న్యూజెర్సీ తీరంలోని బ్రిగాంటీన్‌లో 1981లో ఒక ఇంటివారు 60 అడుగుల టవర్ నిలబెట్టారు. పొరుగువారి హద్దుకు అది పదడుగుల దూరం. చప్పుడు 50 డెసిబెల్స్ దాటకూడదని ఊరి నిబంధన. కొలిస్తే 56 నుంచి 61 దాకా వచ్చింది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి చప్పుడు దాదాపు రెట్టింపు, అదీ గాలి వీచినంతసేపూ. 1982లో కోర్టు గాలి కరెంటు మేలును కాదనలేదు, కానీ ఈ మర మాత్రం పొరుగువారికి పీడేనని తేల్చింది. నార్త్ డకోటాలోని మాండన్‌లో ఫలితం వేరు. అక్కడ మర 1986లో వెలిసింది, పొరుగు మనిషి 1988లో వచ్చి 1990లో దావా వేశారు. 1992లో రాష్ట్ర సుప్రీంకోర్టు మర యజమాని పక్షాన నిలిచింది. రెండు చోట్లా జడ్జీలు తూచింది ఆ ఒక్క మరనూ ఆ పొరుగింటి పరిస్థితినీ. బాధితులకు న్యాయం జరగడానికి నిషేధం అవసరం కాలేదు.

ప్రతి మరకూ విడిగా విచారణ అంటే చిన్న ఊళ్లు మోయగలవా అని అడగవచ్చు. అది సరైన ప్రశ్నే. విస్కాన్సిన్‌లో 2009లో అప్పీలు కోర్టు, కాల్యుమెట్ కౌంటీ అందరికీ కలిపి పెట్టిన ఆంక్షలు చెల్లవనీ ఒక్కో మరను విడిగా పరిశీలించాలనీ చెప్పింది. అయితే అదే ఏడాది శాసనసభ రాష్ట్రమంతటికీ ఒకే ప్రమాణాలు రాసే పనిని పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు అప్పగించింది. కాలిఫోర్నియా 2001లోనే పట్టణాల వెలుపలి స్థలాలకు లెక్క చెప్పింది: ఎకరం నుంచి ఐదెకరాల లోపు టవర్ ఎత్తు 65 అడుగుల దాకా, ఐదెకరాలూ ఆపైనా అయితే 80 అడుగుల దాకా. ఇలాంటి కొలతలు ముందే ఉంటే కొనేవారికీ పొరుగువారికీ తమ హక్కేమిటో తెలుస్తుంది.

ఇక మిగిలింది కంటికి ఇంపుగా లేదన్న అభ్యంతరం. తమ ఊరి రూపంపై ఊరివారికి మాట ఉండాలన్నది నిజమే. అయితే 35 అడుగుల గీత గీసిన నిబంధనల్లోనే చాలావరకు చర్చి గోపురానికీ పొగగొట్టానికీ మినహాయింపు ఉంది. పనికి ఎత్తు కావాల్సినవాటికి అలా చోటిచ్చినప్పుడు, హద్దుకు తగినంత దూరం ఉన్న గాలిమరకు కాదనడానికి నాకైతే కారణం కనిపించదు.