ఫ్లాట్ల లీజు పొడిగింపు (ఇంగ్లండ్, వేల్స్)

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫ్లాటు కొన్నవాళ్లలో చాలామంది చేతికి వచ్చేది దీర్ఘకాలపు లీజు మాత్రమే. అది 99 ఏళ్లో, 125 ఏళ్లో ఉంటుంది. కొన్నిచోట్ల 999 ఏళ్లూ ఉంటుంది. నేల, కట్టడం ఫ్రీహోల్డరువి, అంటే అసలు యజమానివి. ఫ్లాటుతో పాటు స్థలంలో అవిభక్త వాటా కూడా రిజిస్టరు చేయించుకోవడం హైదరాబాదులో, విజయవాడలో మామూలు. అక్కడి నుంచి వెళ్లి లండన్‌లో ఇల్లు కొనే తెలుగువాళ్లు ఈ తేడాను ముందే తెలుసుకోవాలి. ఏటేటా తరిగిపోయే ఆ గడువును సొమ్ము చెల్లించి పెంచుకోవడమే లీజు పొడిగింపు. 1993కు ముందు అది ఫ్రీహోల్డరు ఇష్టం మీద ఆధారపడేది. ఆ ఏడాదే చట్టం దాన్ని ఫ్లాటుదారుల హక్కు చేసింది.

ఈ పద్ధతికి మూలం పెద్ద భూస్వామ్య కుటుంబాల ఎస్టేట్లు. 18, 19 శతాబ్దాలలో లండన్‌లోని గ్రోవ్‌నర్, కడోగన్, బెడ్‌ఫర్డ్ ఎస్టేట్లు పొలాలను అమ్మకుండా, ఇళ్లు కట్టేవాళ్లకు లీజుకిచ్చాయి. గడువు తీరాక నేలతో పాటు దాని మీది ఇళ్లూ ఎస్టేటుకే దక్కేవి. ఫ్లాట్ల విషయంలో మరో కారణం తోడైంది. పైకప్పు బాగుచేయించాలి, మెట్లు శుభ్రంగా ఉంచాలి వంటి ఖర్చుతో కూడిన బాధ్యతలు ఫ్రీహోల్డు భూమి చేతులు మారితే కొత్త యజమానిని కట్టిపడేయవని 1885లో ఆస్టర్‌బెరీ కేసులో తీర్పు వచ్చింది. లీజులో అయితే కట్టిపడేస్తాయి. అందుకే ఫ్లాట్లను లీజు మీదే అమ్మారు. ఈ కారణం సబబైనదే. కానీ పైకప్పు బాగోగుల కోసం ఇంటి మీది హక్కే ఏళ్లు గడిచేకొద్దీ కరిగిపోవాలా అన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు.

మార్పు కోసం పోరు గట్టిగా సాగిన చోట్లలో దక్షిణ వేల్స్ ఒకటి. బొగ్గు గనుల ఊళ్లలో 19వ శతాబ్దంలో 99 ఏళ్ల లీజు మీద ఎన్నో ఇళ్లు కట్టారు. 20వ శతాబ్దం నడుమ ఆ గడువులు వరసగా తీరసాగాయి. తరతరాలుగా ఉంటున్న ఇంటిని పైసా పరిహారం లేకుండా వదులుకోవలసిన స్థితి వచ్చింది. లేబర్ ప్రభుత్వం 1967లో తెచ్చిన చట్టం ఇళ్లవాళ్లకు ఫ్రీహోల్డు కొనుక్కునే హక్కునూ, లీజును మరో 50 ఏళ్లు పొడిగించుకునే హక్కునూ ఇచ్చింది. ఫ్లాట్లను మాత్రం బయటే ఉంచింది. గ్రోవ్‌నర్ ఎస్టేటు ధర్మకర్తలు ఆ చట్టాన్ని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో సవాలు చేసి 1986లో ఓడిపోయారు.

ఫ్లాటుదారుల వంతు రావడానికి 26 ఏళ్లు పట్టింది. 1993 చట్టం మిగిలిన గడువుకు 90 ఏళ్లు కలిపింది. ఏటా కట్టే గ్రౌండ్ రెంటును నామమాత్రం చేసింది, అంటే ఒక మిరియపు గింజ. దీనికి నిరసనగా గ్రోవ్‌నర్ ఎస్టేటుకు చెందిన వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్, ఆ చట్టం తెచ్చిన కన్సర్వేటివ్ పార్టీని వీడారు. మొదట్లో అదే ఫ్లాటులో మూడేళ్లు నివసించి ఉండాలన్న షరతు ఉండేది. 2002 చట్టం దాన్ని తీసేసి, రెండేళ్లుగా యజమాని అయి ఉంటే చాలంది.

హక్కు వచ్చినా ధర దగ్గర తగవు తెగలేదు. ఫ్రీహోల్డరు కోల్పోయే గ్రౌండ్ రెంటుకూ, గడువు చివర తిరిగి రావలసిన ఫ్లాటు ఆలస్యమైనందుకూ పరిహారం కట్టాలి. ఆ భావి విలువను నేటి విలువగా మార్చడానికి ఫ్లాట్లకు ఏటా 5 శాతం రేటు వాడాలని 2006లో స్పోర్టెల్లి కేసులో లాండ్స్ ట్రిబ్యునల్ తేల్చింది. 3 లక్షల పౌండ్ల ఫ్లాటుకు ఇంకా 100 ఏళ్లుంటే ఆ ఒక్క పద్దు కింద సుమారు 2,300 పౌండ్లవుతుంది. 80 ఏళ్లకు అది 6,000 దాటుతుంది, 60 ఏళ్లకు 16,000 దాటుతుంది. గడువు 80 ఏళ్ల కంటే తగ్గిన నాటి నుంచి మరో భారం పడుతుంది. పొడిగింపు వల్ల ఫ్లాటు విలువ పెరుగుతుంది కదా, ఆ పెరుగుదలలో సగం ‘మ్యారేజ్ వ్యాల్యూ’ పేరుతో ఫ్రీహోల్డరుకు ఇవ్వాలి. గడువు తగ్గేకొద్దీ బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి, కొనేవాళ్లు దొరకరు. చేతిలో డబ్బు లేక ఆగినవాళ్ల మీదే ఈ సూత్రం బరువంతా పడింది. ఇది న్యాయమని చెప్పడం కష్టం.

2010ల చివర్లో, పదేళ్లకోసారి రెట్టింపయ్యే గ్రౌండ్ రెంట్ల సంగతి బయటపడి పెద్ద దుమారం రేగింది. 2022 జూన్ 30 నుంచి చాలావరకు కొత్త లీజులకు గ్రౌండ్ రెంటు వసూలు చేయకుండా చట్టం వచ్చింది. 2024 మే 24న ఆమోదం పొందిన చట్టం పొడిగింపును 990 ఏళ్లు చేయాలనీ, మ్యారేజ్ వ్యాల్యూను రద్దు చేయాలనీ నిర్దేశించింది. ఆ చట్టం కింద రెండేళ్ల షరతు 2025 జనవరి 31న పోయింది. ధర లెక్కింపు భాగాన్ని ఫ్రీహోల్డర్లు హైకోర్టులో సవాలు చేయగా 2025 అక్టోబరులో కోర్టు తోసిపుచ్చింది. అయినా ఆ ఏడాది చివరికి కూడా ఆ భాగం అమలులోకి రాలేదు. దాంతో లీజులో 81, 82 ఏళ్లు మిగిలినవాళ్లు పాత లెక్కన ఇప్పుడే కట్టేయడమా, 80 గీత దాటినా సరే కొత్త లెక్క కోసం ఆగడమా అని తేల్చుకోవలసి వచ్చింది.