పాత డబ్బా, కొత్త ఫెహరిస్తు



కేబుల్ డబ్బాకు కూడా తారీఖ్ ఉంటుందా? ఉంటుంది. రిమోట్ మీద 'గైడ్' మీట నొక్కగానే తెర మీదకు ఒక ఫెహరిస్తు వస్తుంది కదా. ఏ చానల్‌ది ఏ నంబరు, ఇప్పుడేం నడుస్తోంది, తర్వాత ఏమొస్తుంది అని చెబుతుంది. అది మన దెందులూరు దాకా ఎలా వచ్చింది, ఇంట్లో డబ్బా మారకుండానే ఎలా మారింది, మారాల్సింది ఇంకా ఏం బాకీ ఉంది అన్నదే ఈ సంగతి.

దూరదర్శన్ జమానాలో ఫెహరిస్తు అవసరమే లేదు. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు ఉన్నది ఒకటే చానల్. ఎన్నింటికి ఏమొస్తుందో పొద్దున్నే పేపర్లో చూసుకునేవాళ్లం. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2001 ఆగస్టు 15న రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి ఈటీవీ ఉర్దూ మొదలైంది. ఉర్దూ ఖబర్లు, ముషాయిరాలు నట్టింట్లోకి వచ్చాయి. మా దాదీకి అక్షరం రాదు. కానీ ఏ మీట నొక్కితే ఉర్దూ వస్తుందో ఆమె వేలికి తెలుసు. ఆ గైడు మొత్తం ఆమె యాదాష్త్‌లోనే ఉండేది. కేబుల్ వాళ్లు ఎప్పుడైనా చానళ్లు అటూ ఇటూ జరిపితే, మళ్లీ కొన్ని రోజులు ఇల్లంతా వెతుకులాటే.

అప్పట్లో తీగలో నడిచింది అనలాగ్. ఒక్కో చానల్‌కు తీగలో ఒక్కో గది కావాలి. గదులు నిండితే కొత్త చానల్‌కు చోటు లేదు. బొమ్మతో పాటు పేరు, వేళ, వివరం పంపే తరీఖా కూడా మన కేబుల్‌లో లేదు. డిజిటల్ వచ్చాక అదే గదిలో డజనుకు పైగా చానళ్లు పట్టాయి. వాటి పక్కనే సన్నటి అక్షరాల వాగు ఒకటి పారడం మొదలైంది. ఆ అక్షరాలను ఏరి, వరుసలుగా పేర్చి చూపేదే డబ్బాలోని గైడ్ సాఫ్ట్‌వేర్.

ఇది హుకుంతోనే వచ్చింది. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టాన్ని 2011 డిసెంబరులో సవరించి, దేశమంతా నాలుగు విడతల్లో డిజిటల్‌కు మారాలన్నారు. 2012 నవంబరులో మహానగరాలతో మొదలుపెట్టారు. రెండో విడతకు 2013 మార్చి 31 గడువు, అందులో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. మిగతా పట్టణాలన్నీ మూడో విడత, పల్లెలు నాలుగో విడత. అంటే ఏలూరుది ఒక గడువు, పక్కనే ఉన్న దెందులూరుది ఇంకో గడువు. వాయిదాలు పడి పడి ఏలూరు లాంటి పట్టణాలకు 2017 జనవరి 31, మన పల్లెలకు 2017 మార్చి 31 ఖరారయ్యాయి. ఆ రోజుల్లోనే ఇంటింటికీ డబ్బా చేరింది. ఏది చవగ్గా దొరికితే అది పెట్టించుకున్నాం.

ఇలాంటి ఫెహరిస్తు అమెరికాలో 1981లోనే కేబుల్ తెర మీద పాకింది. అది నేరుగా చానల్‌గా వచ్చేది. కేబుల్ ఆఫీసులో ఒక చిన్న కంప్యూటర్ పెట్టి, జాబితాను మెల్లగా పైకి జరుపుతూ అందరికీ ఒకేలా చూపేవాళ్లు. మనక్కావలసిన వరుస దాటిపోతే అది తిరిగి వచ్చేదాకా సబర్ పట్టాలి. తర్వాత డబ్బాలోకే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఎవరి గైడు వాళ్ల చేతికి వచ్చింది.

మరి లక్షల ఇళ్లలో కూర్చున్న డబ్బాల్లో ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చాలంటే? ఒక్కో ఇంటికీ మనిషిని పంపలేరు. అందుకని కొత్త సాఫ్ట్‌వేర్‌ను ముక్కలు చేసి, చానళ్లు వచ్చే తీగలోనే చక్రంలా తిప్పుతూ పంపుతారు. డబ్బా ఆ ముక్కల మీద తన కంపెనీ గుర్తు, తన మోడల్ నంబరు ఉన్నాయేమో చూసుకుంటుంది. ఉంటే అన్నీ ఏరుకుంటుంది, మొహర్ అసలుదో కాదో పరీక్షిస్తుంది, పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది, తనే ఆగి మళ్లీ లేస్తుంది. సరిగ్గా రాసుకునే వేళ కరెంటు పోతే కొన్ని డబ్బాలు మళ్లీ లేవవు. మంచి డబ్బాలో పాత నకలు ఒకటి పక్కన భద్రంగా ఉంటుంది. 'అప్‌డేట్ అవుతోంది, ఆపకండి' అని తెర మీద వస్తే ఆ మాట వినాల్సింది ఇందుకే.

ఏలూరు తివాచీ నేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మగ్గం అదే, మేకులు అవే. ఎదురుగా పెట్టుకున్న నఖ్షా మారిస్తే కొత్త తివాచీ దిగుతుంది. కానీ మగ్గం వెడల్పును మించిన నఖ్షా నేయలేరు. డబ్బాలోని మెమొరీ కూడా ఆ వెడల్పు లాంటిదే.

మన డబ్బాలకు పెద్ద నఖ్షా మార్పు వచ్చింది 2019లో. ట్రాయ్ 2017 మార్చిలో కొత్త నియమాలు ఇచ్చింది. అవి 2018 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చి, 2019 ఫిబ్రవరి నుంచి ఇళ్లను తాకాయి. నచ్చిన చానల్ ఎంచుకుని దానికే డబ్బు కట్టడం, 100 చానళ్లకు పన్ను కాకుండా 130 రూపాయల నెట్‌వర్క్ రుసుము, ఇవి అందరికీ యాదున్నాయి. గైడు మీద పెట్టిన షరతులు మాత్రం చాలామంది చూడలేదు. చానళ్లను భక్తి, వినోదం, విజ్ఞానం, పిల్లలు, సినిమాలు, సంగీతం, వార్తలు, క్రీడలు, ఇతరాలు అని తొమ్మిది జాతులు చేశారు. ఒక జాతి చానళ్లన్నీ వరుసగా ఒకచోట ఉండాలి. ఆ జాతిలో ఒక భాషవన్నీ పక్కపక్కన ఉండాలి. ఒక చానల్ ఒక్కచోటే కనబడాలి. ఇచ్చిన నంబరును ఏడాది దాకా మార్చకూడదని అప్పట్లో పెట్టారు. చానల్ ధర గైడులో చూపాలి. ఇదంతా ఇళ్లలో ఉన్న డబ్బాలతోనే, తీగ గుండా జరిగిన పని.

కేబుల్ వాళ్ల మర్జీ మీద నడిచిన వరుసకు ఒక కానూన్ వచ్చింది. నంబర్లు గుర్తుపెట్టుకుని చూసే మా దాదీ లాంటి వాళ్లకు ఇది చిన్న మేలు కాదు. అయితే జాతి ముందు, భాష తర్వాత అనడంతో ఉర్దూ ఒకచోట నిలబడలేదు. తెలుగుకు ప్రతి జాతిలోనూ బారెడు వరుస ఉంది. ఉర్దూ చానళ్లే కొన్ని. అందులో ఖబర్లవి ఒక మూల, వినోదానివి ఇంకో మూల. రంజాన్ 29వ సాయంత్రం చాంద్ ఖబర్ కోసం ఇంటిల్లిపాదీ రిమోట్ మీద పడితే ఈ తిప్పలు తెలుస్తాయి.

దానికంటే పెద్ద లోటు లిపిది. మా ఇంటి డబ్బాలో తెలుగు చానల్ పేరూ ఇంగ్లీషులోనే, ఉర్దూ చానల్ పేరూ ఇంగ్లీషులోనే. ఇది యంత్రానికి చేతకాని పనేమీ కాదు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకూ, ఉర్దూ రాసే అరబీ లిపికీ చోటుంది. మన కేబుల్ నడిచే డీవీబీ ప్రమాణంలో యూనికోడ్ అక్షరాలు పంపే దారి ఉంది. కావలసింది డబ్బాలో ఆ అక్షరాల ఫాంటు, తెలుగు ఒత్తులు కలిపే తెలివి, ఉర్దూను కుడి నుంచి ఎడమకు అల్లే తెలివి. వీటికి మెమొరీ చాలని పాత డబ్బాలు ఉన్నాయి. వాటికీ ఇలాజ్ ఉంది. అమెరికాలో చార్టర్ అనే కేబుల్ కంపెనీ 2014, 2015లలో గైడును తన కేంద్రంలోనే తయారుచేసి, బొమ్మగా పాత డబ్బాలకు పంపే పద్ధతి తెచ్చింది. డబ్బా ఆ బొమ్మను చూపిస్తే చాలు. దానికి ఏ లిపీ తెలియనక్కరలేదు.

మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామంది. ఇలాంటి ఇంటర్నెట్ డబ్బాలకు సాఫ్ట్‌వేర్ మార్చడం ఇంకా ఆసాన్. కాబట్టి ఇనుము అడ్డం అనే బహానా రోజురోజుకూ పలచబడుతోంది. అడిగేవాళ్లు లేకపోవడమే మిగిలిన అడ్డం.

జాబితా, తారీఖు, ఖరారు, దాఖలా: తెలుగువాళ్లందరూ రోజూ పలికే ఈ మాటలు ఏలూరు ఒక సర్కారుగా ఉన్న జమానాలో ఫార్సీ, ఉర్దూ దఫ్తర్ల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడినవే. జాబితా అనే మాటను ఇచ్చిన జుబాన్‌కు టీవీ జాబితాలో తన అక్షరం లేకపోవడం నాకు బాధే. పక్కనే తెలుగుకూ అదే గతి పట్టింది కనుక ఇది మన ఒక్కరి ఫిర్యాదు కాదు. ఇద్దరం కలిసి అడగాల్సింది.

ప్రతి కేబుల్ సంస్థ 999 నంబరు చానల్లో తన కస్టమర్ కేర్ వివరాలు చూపాలని నియమం ఉంది. ఈ రాత్రి ఆ చానల్ పెట్టండి, నంబరు రాసుకోండి, రేపు ఫోన్ చేసి రెండే మాటలు అడగండి: 'మా డబ్బాకు తర్వాతి అప్‌డేట్ ఎప్పుడు? అందులో మా అక్షరాలు ఉంటాయా?' ఒక ఇల్లు అడిగితే నవ్వి ఊరుకుంటారేమో. వాడకట్టు వాడకట్టంతా అడిగితే రాసుకుంటారు.