చెడ్డ కొలెస్ట్రాల్‌ను చెడగొట్టిందెవరు?

తంగళ్ళపల్లిలో సాంచెలు (మరమగ్గాలు) నడిపే మనిషికైనా, సిరిసిల్లలో దుకాణం పెట్టుకున్న సేటుకైనా నలభై దాటాక రక్తపరీక్ష కాగితం అందితే కన్ను ముందు పోయేది ఎల్‌డీఎల్ అంకె మీదికే. ‘చెడ్డ కొలెస్ట్రాల్’ అని దానికి పేరు పడిపోయింది. నిజానికి ఒంట్లో ప్రతి కణానికీ పైపొర కట్టుకోవడానికి కొలెస్ట్రాల్ కావాల్సిందే. రక్తంలో దాన్ని మోసుకుపోయేది ఈ ఎల్‌డీఎల్ రేణువే. పుట్టుకతో అది చెడ్డది కాదు. మన రక్తనాళాల్లోని కణాలే దాన్ని చెడగొడతాయన్న సంగతి బయటపడడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకు తినిపించాడు. వాటి ధమనుల గోడల్లో కొవ్వు మచ్చలు తేలాయి. సూక్ష్మదర్శిని కింద చూస్తే, కొవ్వు బొట్లతో ఉబ్బిపోయి నురగలా కనిపించే కణాలు. వాటికి నురగ కణాలన్న పేరే నిలిచిపోయింది. కుందేలు గడ్డి తినే జంతువు, దాని సంగతి మనిషికెందుకని చాలామంది కొట్టిపారేశారు.

అసలు చిక్కు 1970లలో పడింది. అమెరికాలోని డల్లస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు వైద్యులు, కణాలు ఎల్‌డీఎల్‌ను లోపలికి తీసుకునే గ్రాహకాన్ని కనిపెట్టారు. 1985లో నోబెల్ అందుకున్నారు. అయితే పుట్టుకతో ఆ గ్రాహకమే పనిచేయని పిల్లల ధమనుల్లోనూ నురగ కణాలున్నాయి! మరి కొవ్వు ఎలా దూరింది? ఇంకో వింత: నురగ కణాలుగా మారే మాక్రోఫేజ్‌లు, అంటే చెత్తను మింగి శుభ్రం చేసే కణాలు, గాజుపళ్లెంలో ఎంత ఎల్‌డీఎల్ పెట్టినా అంటీముట్టనట్టు ఉండేవి. 1979లో, మన దేశానికి చెందిన సందీప్ బసు కూడా భాగస్వామిగా, అదే బృందం ఎల్‌డీఎల్‌ను రసాయనికంగా మార్చి పెట్టి చూసింది. అవి ఆబగా మింగాయి. కానీ ఆ మార్పు ప్రయోగశాలలో చేసినది. ఒంట్లో మార్చేదెవరు?

క్లీవ్‌లాండ్‌లో గై చిసోమ్ బృందం వేరే దారిలో పోతోంది. పెంచుతున్న కణాలకు ఎల్‌డీఎల్ ఇస్తే అవి చచ్చిపోతున్నాయి. ఎందుకని తవ్వుతూ పోతే, ఆ ఎల్‌డీఎల్ ఆక్సీకరణ చెంది విషమైందని తేలింది. ఇటు కాలిఫోర్నియాలో డేనియల్ స్టెయిన్‌బర్గ్ దగ్గర 1981లో మరో ప్రయోగం జరిగింది. రక్తనాళాల లోపలి పొర కణాలతో ఎల్‌డీఎల్‌ను కొన్ని గంటలు కలిపి ఉంచి, తరువాత మాక్రోఫేజ్‌లకు పెట్టారు. మామూలు కంటే కొన్ని రెట్లు వేగంగా మింగాయి. 1984లో రెండు చోట్లా ఒకే జవాబు వచ్చింది: కణాలే ఎల్‌డీఎల్‌ను ఆక్సీకరిస్తున్నాయి. స్టెయిన్‌బర్గ్ బృందంలోని సంపత్ పార్థసారథి తదితరులు విటమిన్ ఇ కలిపి చూస్తే ఆ మార్పు ఆగిపోయింది.

జరిగేది ఇది. మూత తీసి పెట్టిన నూనె గాలి తగిలి కొన్నాళ్లకు పాత వాసన కొడుతుంది కదా, ఇక్కడా అదే రసాయనం. కణాలు వదిలే ఫ్రీ రాడికల్స్ అనే దూకుడు అణువులు ఎల్‌డీఎల్‌లోని కొవ్వు ఆమ్లాలను పట్టుకుంటాయి, ఒకటి చెడితే పక్కది చెడుతుంది. ఇనుము, రాగి లాంటి లోహాలు తోడైతే ఇంకా జోరు. పెంపక ద్రవంలో ఆ లోహాలు లేకపోతే గాజుపళ్లెంలో ఈ ప్రయోగమే సరిగ్గా నడవలేదు. రక్తపు సీరం కలిపితే ఆగిపోయింది. అందుకే ఈ తతంగం పారే రక్తంలో కాక, ధమని గోడలో చిక్కుకున్న ఎల్‌డీఎల్‌కే ఎక్కువగా జరుగుతుందంటారు.

1987లో ఆక్సీకరణను అడ్డుకునే ప్రోబుకోల్ అనే మందుతో కుందేళ్లలో ధమనుల జబ్బు నెమ్మదించింది. ఇక విటమిన్ బిళ్లల వాళ్లకు పండగే. మనుషుల మీద మాత్రం లెక్క తప్పింది. 2000లో వెలువడిన హోప్ అధ్యయనంలో 9,541 మందిపై నాలుగున్నరేళ్లు పరీక్షించినా విటమిన్ ఇ గుండెకు ఒరగబెట్టిందేమీ లేదు. అంతకు ముందే 1994లో ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు విటమిన్ ఇ లాగే ఆక్సీకరణను అడ్డుకుంటుందనుకున్న బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. దీంతో ఆక్సీకరణ మాటే అబద్ధమన్నవాళ్లున్నారు. నా లెక్కన అది తొందరపాటు. తప్పింది మందు, రోగకారణం కాదు. ఎల్‌డీఎల్‌నే తగ్గించే స్టాటిన్లు పనిచేశాయంటే, చెడడానికి సరుకే తక్కువ పడ్డట్టు.

ఈ ధమనుల జబ్బు పట్నాలదే అనుకుంటే పొరపాటు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల 45 ఊళ్లలో చావుల కారణాలు ఆరా తీస్తే, దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఇక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని తునికాకులో తంబాకు పోసి చుట్టే బీడీ సంగతి. పొగలో ఫ్రీ రాడికల్స్ దండిగా ఉంటాయి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, ఒక్క బీడీలే తాగేవాళ్లకు గుండెపోటు ముప్పు తాగనివాళ్లకంటే దాదాపు మూడు రెట్లని తేలింది.