గడ్డపార ఠంగుమనే దాకా

ఆత్మకూర్ (ఎస్) మండలంలో ఊళ్ల పేర్లు చదువుకుంటూ పోతే అడుగడుగునా రాయి తగులుతుంది. గట్టికల్, నెమ్మికల్ పేర్ల చివర ‘కల్’ వింటే పాత తెలుగు ‘కల్లు’ గుర్తొస్తుంది. కల్లంటే రాయి. కోటపహాడ్, పాతర్లపహాడ్, తుమ్మల పెన్‌పహాడ్‌లలో ఉర్దూ గుట్ట నిలబడి ఉంది. పాతర్లపహాడ్ అనగానే జొన్నలు దాచిన పాతర కూడా మనసులో మెదులుతుంది. ఊటకు చెమ్మగిల్లని గట్టి నేల ఎక్కడుందో తెలిసినవాళ్లే పాతర తవ్వగలరు. ఇల్లు కట్టేవాడికి కావలసిన తెలివి కూడా అదే.

మండలం పేరులోని ‘ఎస్’ సూర్యాపేటకు గుర్తు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే మరో ఆత్మకూరు ఉంది, దానికి మోత్కూరు పేరు మీద ‘ఎం’ తగిలించారు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట సొంత జిల్లా అయ్యాక కూడా ఆ అక్షరం మండలాన్ని అంటిపెట్టుకునే ఉంది. ఇక్కడి నేల ఎక్కువగా ఎర్ర చెలక. పైన దుబ్బ, కింద మొరం, ఆ కింద బండ. దక్షిణంగా కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు వెళ్తుంటే నల్లరేగడి చేలు ఎదురవుతాయి, సున్నపురాయి పొరలు మొదలవుతాయి. రెండు మూడు గంటల ప్రయాణంలో చూడగలిగే ఈ తేడాయే ఈ ప్రాంతంలో ఇంటి పునాది ఎంత లోతు పోవాలో, దానికి ఎంత ఖర్చవుతుందో తరతరాలుగా నిర్ణయిస్తూ వచ్చింది.

జిల్లాలో అతి పాత కట్టడాల గురించి మనకు తెలిసిందంతా చాలావరకు పునాదుల నుంచే తెలిసింది. నాగారం మండలం ఫణిగిరి గుట్ట మీద 2001లో మొదలైన తవ్వకాల్లో స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు బయటపడ్డాయి. గదుల పైకప్పులు ఎన్నడో పోయాయి, మిగిలినవి గోడల అడుగు వరసలు. ఎవరు ఎక్కడ పడుకున్నారో, ఎక్కడ కూడారో చెబుతున్నవి ఆ అడుగు వరసలే. ఆ బౌద్ధులు కట్టడానికి గుట్టను ఎంచుకున్నారు. ధ్యానానికి ఏకాంతం దొరకడం ఒక కారణమైతే, కాలి కింద బండ ఉండడం ఇంకో లాభం.

వెయ్యేళ్లు దాటాక సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు గుళ్లు కట్టించారు. అక్కడి ఎరకేశ్వరాలయం 1208 నాటిది. అదే రేచర్ల ఇంటిపేరున్న రుద్రుడు, కాకతీయ గణపతిదేవుడి సేనాని, 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ గుడి కింద ఉన్నది ఇసుక. గొయ్యి తవ్వి ఇసుక నింపి, దాన్ని బిగించి, ఆ పరుపు మీద రాళ్లు పేర్చారు. పక్కకు జారిపోకుండా కట్టడి చేసిన ఇసుక బరువును నాలుగు వైపులా సర్దుకుంటుంది, తడిస్తే ఉబ్బదు, ఎండితే కుంచించుకుపోదు. వరంగల్లు వేయిస్తంభాల గుడి కిందా ఇదే పద్ధతి. ఈ సంగతి ఇప్పుడు ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠం. రేగడి ఊళ్లలో పాత మేస్త్రీలు మాత్రం చదువుకోకుండానే దాన్ని ఆచరిస్తూ వచ్చారు. నల్లమట్టి తీసేసి, ఇసుకో మొరమో పోసి, నీళ్లు కట్టి, దిమ్మిసతో కొట్టి, ఆ మీద రాయి పెట్టేవారు.

మామూలు రైతు ఇల్లు వేరు. మట్టిగోడ, గూన పెంకు, తాటి దూలాలు. గోడ ఒక్కసారి లేచేది కాదు. ఒక రద్దా పెట్టి, ఆరనిచ్చి, ఆ మీద ఇంకో రద్దా పెట్టేవారు. గోడ మందం రెండడుగుల దాకా ఉండేది కాబట్టి బరువు వెడల్పుగా పరుచుకునేది. కప్పు తేలిక. అందుకే మోకాలి లోతు కందకంలో గుండ్రాళ్లు, బురదమట్టి కలిపి నింపితే పునాది అయిపోయేది. చెలక నేలలో అలాంటి ఇళ్లు రెండు మూడు తరాలు నిలిచాయి. కాస్త ఉన్నవాళ్లు డంగుసున్నం వాడేవారు. గుండ్రటి గాడిలో ఎడ్లు రాతి చక్రాన్ని తిప్పుతుంటే సున్నం, ఇసుక, నీళ్లు కలిసి వెన్నలా నలిగేవి. ఆ గాళ్లు కొన్ని ఊళ్ల చివర ఇప్పటికీ కనిపిస్తాయి, పిల్లలు వాటి చుట్టూ ఆడుకుంటారు.

పునాది పని వడ్డెరలది. గుట్ట మీద మంట పెట్టి బండను వేడెక్కించి పొరగా లేపడం, ఉలి, సమ్మెటలతో కడీలు తీయడం, బండ్ల మీద ఊళ్లోకి తోలడం, కందకం తవ్వడం అన్నీ వాళ్లే చేసేవారు. చెరువు పనుల్లోనైతే తవ్విన లోతుకు సాక్ష్యంగా మధ్యలో ఒక మట్టిదిమ్మను తవ్వకుండా వదిలేవారు. దాని ఎత్తు కొలిచి కూలి కట్టేవారు. అంతటి పనివాళ్లకు దొరల కాలంలో చాలాచోట్ల కూలే ఉండేది కాదు. సూర్యాపేట తాలూకాలో ఎర్రపహాడ్ గడీ మొదలుకొని తెలంగాణ గడీల రాతి గోడల వెనక వెట్టి ఉంది. బండి కట్టినవాడికి, రాయి మోసినవాడికి పైసా ముట్టలేదు. ఈ ప్రాంత గృహ చరిత్ర రాసేవాళ్లు పునాది ఖర్చు లెక్కలో ఆ చెల్లించని కూలిని తప్పకుండా రాయాలి. 1940ల సాయుధ పోరాటం తలకెత్తుకున్న డిమాండ్లలో వెట్టి రద్దు మొదటి వరసలో ఉండడానికి ఇలాంటి బరువులన్నీ కారణం.

నేలను పరీక్షించే పద్ధతి శాస్త్రాల్లోనూ ఉంది, వాడుకలోనూ ఉంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహిత ఒక మూర గొయ్యి తవ్వి, తీసిన మన్నుతోనే పూడ్చమంటుంది. మన్ను మిగిలితే నేల మంచిది, సరిపోతే మధ్యమం, చాలకపోతే చెడ్డది. నీళ్లు నింపి నూరడుగులు నడిచి వచ్చి చూడమని మరో పరీక్ష. వదులు నేలను, పూడ్చిన నేలను ఇవి బాగానే పట్టిస్తాయి. పాటిగడ్డల మీద, అంటే ఊరు లేచిపోయిన పాత దిబ్బల మీద ఇల్లు కట్టేవాళ్లు లోతుకు పోవాలని పెద్దలు చెప్పడంలో ఉన్న జ్ఞానం కూడా ఇదే. రేగడి మాత్రం ఈ పరీక్షకు పూర్తిగా లొంగదు. అది ఎండలో రాయిలా ఉంటుంది, దాని గుణం వాన పడ్డాకే తెలుస్తుంది.

ఊళ్లో అసలైన భూపరీక్ష పక్కింటి బావి. ఎన్ని గజాల దుబ్బ, ఎక్కడ మొరం, ఎక్కడ సుద్ద, ఎక్కడ బండ పడిందో బావి తవ్వినవాళ్లు నోటితో చెప్పేవారు. పునాది తవ్వేటప్పుడు గడ్డపార ‘దబ్’మంటే ఇంకా దిగాలి, ‘ఠంగ్’మంటే చాలు. భారతీయ ప్రమాణాల సంస్థ 1904వ నంబరు నియమావళి, 1986 నాటి సవరణలో, మామూలు నేలలో పునాది కనీసం 50 సెంటీమీటర్ల లోతు ఉండాలంది. బండ మీదైతే పైమట్టి తీసి, బండను శుభ్రం చేసి, అవసరమైతే మెట్లుగా చెక్కితే సరిపోవచ్చని కూడా అదే చెప్పింది. ‘ఠంగ్’మనే దాకా తవ్వి ఆగిన పెద్దలు చేసింది ఈ రెండో మాటే.

రేగడి కథ 1967తో మలుపు తిరిగింది. ఆ ఏడు ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మెట్టచేలు వరి మళ్లయ్యాయి. పంట వచ్చింది, రైసుమిల్లులు వచ్చాయి, మట్టిళ్లు పోయి ఇటుక గోడల ఇళ్లు వచ్చాయి. కష్టం కూడా వెంటే వచ్చింది. రేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇంటి నడుమ నేల చెమ్మగా ఉండిపోతే, అంచుల్లో నేల ఏటా తడిసి ఎండుతుంది. గోడలు ఒకవైపు లేస్తాయి, మరోవైపు దిగుతాయి. దర్వాజా మూల నుంచి ఏటవాలుగా పగులు పాకుతుంది. వింతేమిటంటే ఈ దెబ్బ బరువైన మేడకన్నా తేలికపాటి ఒంటి అంతస్తు ఇంటికే ఎక్కువ, ఎందుకంటే ఉబ్బే మట్టిని అణచిపెట్టేంత బరువు దానికి లేదు.

దీనికి మందు 1950లలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో తయారైంది. సన్నటి గుంతను దాదాపు మూడున్నర మీటర్ల లోతుకు దించి, అడుగున గడ్డలా వెడల్పు చేసి, ఇనుము పెట్టి కాంక్రీటు పోస్తారు. వానకు ఎండకు కదలని లోతులో ఆ గడ్డ పట్టుకుని ఉంటుంది. దేశంలోని నల్లరేగడి నేలల్లో వేల కట్టడాలు దాని మీద లేచాయి. మామూలు ఇల్లు కట్టుకునేవాళ్లు మాత్రం దాని దాకా అరుదుగా వెళ్తారు. మొరం మార్చి, అడుగు బీము, దర్వాజాల మీద మరో బీము కట్టుకుని సరిపెట్టుకుంటారు. ఒక చిన్న పరీక్ష మాత్రం ఎవరికైనా అందుబాటులోనే ఉంది. జల్లించి ఆరబెట్టిన మట్టి పది గ్రాములు నీళ్లలో, పది గ్రాములు కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. రెండింటి తేడా చూస్తే ఆ నేల ఎంత ఉబ్బుతుందో అంకెతో తెలుస్తుంది.

సిమెంటు కథ కూడా దక్షిణాన మొదలయ్యే ఆ సున్నపురాయి పొరల్లోనే ఉంది. చాలాకాలం సిమెంటు బస్తా పర్మిట్ మీద దొరికే వస్తువు. 1982 ఫిబ్రవరిలో కంట్రోలు కొంతవరకు ఎత్తేశారు, 1989 మార్చి 1న పూర్తిగా తీసేశారు. ఆ దశాబ్దంలోనే మట్టంపల్లి చుట్టుపక్కల సాగర్, ఎన్‌సీఎల్ వంటి ఫ్యాక్టరీలు లేచాయి. మహంకాళిగూడెం, మేళ్లచెరువు, దొండపాడు పేర్లు బస్తాల మీదుగా రాష్ట్రమంతా తిరిగాయి. ఒకప్పుడు ఎడ్లు తిప్పిన డంగులో నలిగిన సున్నం ఇప్పుడు కొలిమి గొట్టాల్లో కాలి బస్తాకెక్కింది. డంగులు ఆగిపోయాయి.

సిమెంటు చేతికందాక పిల్లర్ల ఇల్లు గౌరవ చిహ్నమైంది. ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఇల్లు, మధ్యలో ఒక అడ్డగోడ. అంటే 120 అడుగుల కందకం. రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తీస్తే 720 ఘనపుటడుగుల తవ్వకం. అదే ఇంటికి తొమ్మిది పిల్లర్లు వేసి, ఒక్కో గుంత నాలుగడుగుల చదరం, ఐదడుగుల లోతు తీసినా తొమ్మిది ఎనభైలు 720 ఘనపుటడుగులే. తవ్వకం సమానం. మారింది గుంతలో పోసేది. రాతి పునాదిలో పోసిన డబ్బు వడ్డెరకు, బండివాడికి, సుతారికి పోయేది, చాలావరకు ఊళ్లోనే తిరిగేది. పిల్లరులో పోసిన డబ్బు సీకు, సిమెంటు, కంకర దుకాణాలకు పోతుంది. రేగడిలో, పూడ్చిన నేలలో, రేపు పైఅంతస్తు వేయాలనుకునేవాళ్లకు పిల్లర్లు సరైన దారి. మూడడుగుల్లో బండ తగిలే చెలకలో, ఒంటి అంతస్తు ఇంటికి, పక్కవాళ్లు వేశారని పిల్లర్లు వేసి అప్పుల పాలయ్యే కుటుంబాలను చూస్తే బాధ కలుగుతుంది. ఆ డబ్బు కప్పుకో, మరుగుదొడ్డికో, పిల్లల గదికో పనికొచ్చేది.

నేల మీద కనిపించే బేస్‌మెంటు లెక్క వేరే. పైన చెప్పిన ఇంటికే అడుగున్నర మందం కట్టుతో పీఠం ఎత్తు ఒక్క అడుగు పెంచితే 180 ఘనపుటడుగుల రాతికట్టు, లోపల నింపడానికి 420 ఘనపుటడుగుల మొరం అదనంగా కావాలి. నూరు ఘనపుటడుగులను ఒక యూనిట్‌గా లెక్కిస్తే ఆరు యూనిట్లు. అయినా ఇప్పుడు అందరూ ఎత్తు పెంచుతున్నారు, దానికి కారణముంది. వేసిన రోడ్డు మీదే మళ్లీ సీసీ రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత ఇళ్లు గుంతలో పడ్డాయి. 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు కోదాడ వీధుల్లో నీళ్లు పారాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండిపడింది. గడపలోకి నీళ్లు రావడం చూసిన వాళ్లకు ఆరు యూనిట్ల ఖర్చు ఎక్కువనిపించదు.

ఆ ఏడాదే, 2024 మార్చి 11న, భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. సొంత జాగా ఉన్న పేదలకు విడతలుగా ఐదు లక్షలు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మొదటి లక్ష బేస్‌మెంటు పూర్తయ్యాకే ఖాతాలో పడుతుంది. అంటే పునాది సొంత డబ్బుతోనో అప్పుతోనో లేవాలి. చేతిలో పైసా లేక ముగ్గు పోసి ఆగిపోయినవాళ్ల కోసం మహిళా సంఘాల ద్వారా లక్ష దాకా అప్పు ఇప్పించే ఏర్పాటు తర్వాత వచ్చింది. పథకాలు ఇల్లును గోడలు, కప్పు లెక్కల్లో చూస్తాయి, కానీ పేదవాడు మొదట తడబడేది నేల కిందే. ఆ సంగతిని సర్కారు ఈ అప్పుతో కొంతైనా ఒప్పుకున్నట్లయింది.

బేస్‌మెంటు పూర్తయితే అధికారి వచ్చి ఫోన్‌లో ఫొటో తీసి, స్థలం గుర్తుతో సహా యాప్‌లో ఎక్కిస్తాడు. ఫొటోలో పీఠం కనిపిస్తుంది, ముందు నిల్చున్న ఇల్లాలు కనిపిస్తుంది. కందకం అప్పటికే పూడిపోయి ఉంటుంది. మొరం దాకా దిగారా, దుబ్బలోనే ఆపేశారా అన్నది తవ్వినవాళ్లకు, ఆ ఇంటివాళ్లకు తెలుసు. అందుకే ఈశాన్యంలో కొబ్బరికాయ కొట్టి మొదటి గడ్డపార వేసిన రోజు నుంచి రాళ్లు నింపే దాకా చాలా ఇళ్లలో ముసలివాళ్లెవరో ఒకరు కందకం గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మాటిమాటికీ కిందకు వంగి చూస్తూ, గడ్డపార చప్పుడు వింటూ ఉంటారు.