సురక్షిత కుకీ

వెబ్ సర్వర్ బ్రౌజరులో దాచిపెట్టే చిన్న సమాచారం కుకీ. 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లీ దీన్ని రూపొందించాడు. హెచ్‌టీటీపీకి గతం గుర్తుండదు. అందుకే లాగిన్ అయినవారికి సర్వర్ సెట్-కుకీ హెడర్‌లో ఒక సెషన్ ఐడీ పంపుతుంది. బ్రౌజర్ ప్రతి రిక్వెస్టుతోనూ దాన్ని తిరిగి అందిస్తుంది. ఆ ఐడీ ఎవరి చేతికి చిక్కితే వారే ఖాతాదారు, పాస్‌వర్డుతో పనే లేదు. బహిరంగ వైఫైలో పక్కవారి సెషన్లను ఎంత తేలిగ్గా కాజేయవచ్చో 2010లో ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ చూపించింది.

ఈ దొంగతనాన్ని అడ్డుకోవడానికి కుకీకి కొన్ని లక్షణాలు జోడించవచ్చు. సెక్యూర్ అని పెడితే కుకీ హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్తుంది. హెచ్‌టీటీపీ-ఓన్లీ పెడితే పేజీలో చొరబడిన జావాస్క్రిప్టు దాన్ని చదవలేదు. అయితే అదే స్క్రిప్టు వాడుకరి పేరిట రిక్వెస్టులు పంపడాన్ని మాత్రం ఇది ఆపదు. చాలామంది మరిచిపోయే సంగతి ఇదే. వేరే సైట్ల నుంచి వచ్చే రిక్వెస్టులకు కుకీ జతకావాలా వద్దా అన్నది సేమ్‌సైట్ లక్షణం తేలుస్తుంది. దానికి విలువ ఇవ్వని కుకీలను 2020 నుంచి క్రోమ్ ‘లాక్స్’ (కొంత సడలింపు) విలువ ఉన్నవాటిగా పరిగణిస్తోంది.

పీహెచ్‌పీలో సెట్‌కుకీ ఫంక్షన్‌ను పేజీ నుంచి ఒక్క అక్షరం కూడా వెలువడకముందే పిలవాలి. అవుట్‌పుట్ బఫరింగ్ లేనప్పుడు, ఫైలు మొదట్లో మిగిలిన ఒక్క ఖాళీ లైను చాలు, హెడర్లు అప్పటికే వెళ్లిపోయాయన్న హెచ్చరిక రావడానికి. సేమ్‌సైట్ ఆప్షన్ 7.3 వెర్షన్‌లో చేరింది. డొమైన్ ఇవ్వకపోవడమే మేలు. ఇస్తే సబ్‌డొమైన్లన్నిటికీ కుకీ అందుతుంది. లాగిన్ కాగానే సెషన్ ఐడీని మార్చాలి. ‘అడ్మిన్=1’ అని కుకీలో రాసి దాన్ని నమ్మడం దొంగ చేతికి తాళాలివ్వడమే, ఎందుకంటే బ్రౌజరులోని కుకీని వాడుకరి ఎలాగైనా దిద్దుకోగలడు.